పక్క గదిలో కూర్చున్న మనిషి

1975 నవంబరు 11, మంగళవారం. కాన్‌బెర్రాలో మధ్యాహ్నం ఒంటిగంట కావస్తోంది. ఆస్ట్రేలియా ప్రధాని గాఫ్ విట్లం కారు యారలుమ్లాలోని గవర్నమెంట్ హౌస్‌కు చేరింది. ఆయన దగ్గర ఒక కాగితం ఉంది. సెనేట్‌లో సగం స్థానాలకు ఎన్నికలు జరపాలని గవర్నర్ జనరల్‌కి ఇవ్వబోయే సలహా అది. గవర్నర్ జనరల్ సర్ జాన్ కెర్ దగ్గరా ఒక కాగితం ఉంది. అది విట్లంని పదవి నుంచి తొలగిస్తున్న ఉత్తరం. ముందు చేతులు మారింది కెర్ కాగితమే. ప్రతిపక్ష నాయకుడు మాల్కం ఫ్రేజర్ అప్పటికే వచ్చి అదే భవనంలో ఇంకో గదిలో కూర్చుని ఉన్నాడు. ఆయన కారు విట్లం కంట పడకుండా పక్కకు పెట్టించారు. ఒంటిగంటన్నరకల్లా ఫ్రేజర్ ఆపద్ధర్మ ప్రధాని.

విట్లం తిన్నగా అధికార నివాసానికి వెళ్ళి భోజనానికి కూర్చున్నాడు. కొందరు సహచరులను పిలిపించుకున్నాడు గానీ సెనేట్‌లో ఉన్న తన లేబర్ పార్టీవాళ్ళకు కబురు పెట్టలేదు. 2:24కి సెనేట్ బడ్జెట్ బిల్లులను ఆమోదించింది. దాదాపు నెల రోజులుగా అడ్డం కూర్చున్న ప్రతిపక్షం దిగొచ్చిందనుకున్నారు లేబర్ సెనేటర్లు. తమ ప్రభుత్వమే లేదన్న సంగతి తెలియక, కొత్త ప్రభుత్వానికి కావలసిన డబ్బును తమ ఓట్లతోనే అప్పజెప్పారు. 3:14కి దిగువ సభ ఫ్రేజర్ మీద 64-54 ఓట్లతో అవిశ్వాసం ప్రకటించింది. ఆ తీర్మానం తీసుకొస్తానని స్పీకర్ గోర్డన్ స్కోల్స్ అడిగితే 4:45కి రమ్మన్నారు. స్కోల్స్ యారలుమ్లాలో ఉన్న సమయానికే ఇవతల పార్లమెంటు మెట్ల మీద గవర్నర్ జనరల్ కార్యదర్శి డేవిడ్ స్మిత్ రద్దు ప్రకటన చదివేశాడు. తీర్మానం చేసిన సభే లేకుండా పోయింది.

ఎవరూ ఎన్నుకోని మనిషి జనం ఎన్నుకున్న ప్రధానిని పంపించేయవచ్చా? ఈ ప్రశ్న అప్పటికే పాతది. కెనడాలో, దక్షిణాఫ్రికాలో, పాకిస్తాన్‌లో ఏదో ఒక రూపంలో వచ్చిందే. పసిఫిక్‌లో, అప్పటికి పదిహేనుమంది సభ్యుల సభ ఉన్న ఒక బుల్లి దేశంలో ఆ తర్వాతా వచ్చింది. వీటి మీద రాసినవాళ్ళు ఎక్కువగా అధికారం ఉందా లేదా అన్న దగ్గరే కొట్టుకున్నారు. నాకు ఆ తగువు అంత ముఖ్యంగా కనిపించదు. అధికారం ఉందనే చెప్పాలి, వెనకటి దృష్టాంతాలు అలాగే ఉన్నాయి. దాన్ని వాడే ముందు ఎదుటివాడికి చెప్పి వాడారా, చెప్పకుండా వాడారా అన్నదే అసలు పేచీ అని నా అభిప్రాయం. చెప్పకుండా వాడటానికి కారణం మనుషుల బుద్ధిలోనే కాదు, పదవి అమరికలోనే ఉంది.

మన గుళ్ళలో మూలవిరాట్టు గర్భగుడి దాటదు. ఊరేగింపుకు వచ్చేది ఉత్సవమూర్తి. బ్రిటిష్ రాజు ఇప్పుడు పదిహేను దేశాలకు దేశాధినేత. సొంత దేశం తీసేస్తే మిగిలిన పద్నాలుగింటిలో ఆయన తరఫున పల్లకీ ఎక్కేది గవర్నర్ జనరల్. రాజ్యాంగాల అక్షరాలు మాత్రం ఉత్సవమూర్తికి రాసినట్టు ఉండవు. ఆస్ట్రేలియా రాజ్యాంగం 61వ సెక్షన్ కార్యనిర్వాహక అధికారమంతా రాణిదని, దాన్ని చెలాయించేది గవర్నర్ జనరల్ అని చెబుతుంది. 64 ప్రకారం మంత్రులు ఆయన ఇష్టం ఉన్నంతకాలమే మంత్రులు. 68 ప్రకారం సైన్యాలకు అధిపతీ ఆయనే. ప్రధానమంత్రి అన్న మాట ఆ రాజ్యాంగంలో ఎక్కడా లేదు, మంత్రివర్గం అన్న మాటా లేదు. దేశాన్ని నిజంగా నడిపేవాళ్ళు కాగితం మీద కనిపించరు, కాగితం మీద కనిపించేవాడు దేశాన్ని నడపడు. ఈ రెంటినీ కలిపి ఉంచేది ఆచారం. గవర్నర్ జనరల్ మంత్రుల సలహా మీదే నడుచుకోవాలన్నది అందులో మొదటిది. సలహా లేకుండా, అవసరమైతే సలహాకు ఎదురుగా చేయగలిగిన పనులు కొన్ని మిగిలాయి. ప్రధానిని నియమించడం, తొలగించడం, సభ రద్దు చేయమంటే చేయననడం. ఇంగ్లిషువాళ్ళు వీటిని రిజర్వు అధికారాలంటారు, మన పత్రికలు విచక్షణాధికారాలని రాస్తాయి.

రద్దు నిరాకరించడం ఒకప్పుడు పెద్ద విడ్డూరమేమీ కాదు. ఆస్ట్రేలియాలోనే 1904, 1905, 1909లో ముగ్గురు ప్రధానులు అడిగి లేదనిపించుకున్నారు. గొడవ ముదిరింది 1926 జూన్‌లో, కెనడాలో. 1925 ఎన్నికల్లో ఎక్కువ సీట్లు వచ్చింది కన్సర్వేటివులకు, అయినా లిబరల్ ప్రధాని మెకెంజీ కింగ్ చిన్న పార్టీల ఊతంతో కొనసాగాడు. కస్టమ్స్ శాఖ కుంభకోణం మీద సభలో ఓటమి తప్పదనిపించాక సభను రద్దు చేయమన్నాడు. గవర్నర్ జనరల్ లార్డ్ బింగ్ కుదరదన్నాడు. కింగ్ అప్పటికప్పుడు రాజీనామా చేశాడు. బింగ్ పిలిచి పీఠం ఎక్కించిన ఆర్థర్ మీయెన్ ప్రభుత్వం వారం తిరగకుండానే ఒక్క ఓటు తేడాతో కూలింది. కింగ్‌కు లేదన్న రద్దును బింగ్ మీయెన్‌కు ఇవ్వాల్సి వచ్చింది. ఎన్నికల్లో కింగ్ ఈ సంగతినే ఊరూరా చెప్పుకుని గెలిచాడు. ఇందులో ఒక తమాషా ఉంది. లండన్‌ను అడిగి నిర్ణయించమని బింగ్‌ను ఒత్తిడి చేసింది స్వపరిపాలన మాట్లాడే కింగ్. ఇది కెనడా వ్యవహారం, లండన్‌ను అడగనన్నది ఇంగ్లండు నుంచి వచ్చిన సేనాని బింగ్! అదే ఏడాది జరిగిన సామ్రాజ్య సమావేశం గవర్నర్ జనరల్ రాజుకే ప్రతినిధి, బ్రిటిష్ ప్రభుత్వానికి కాదు అని తేల్చింది.

ఇదే అధికారాన్ని 1939 సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలో సర్ పాట్రిక్ డంకన్ వాడాడు. యుద్ధంలో తటస్థంగా ఉండాలన్న ప్రధాని హెర్ట్‌జాగ్ సభలో 80-67 ఓట్లతో ఓడి, రద్దు అడిగాడు. డంకన్ ఇవ్వలేదు. పిలిచింది స్మట్స్‌ని. స్మట్స్ వెనక లెక్కకు సరిపడా సభ్యులు ఉన్నారు, ప్రభుత్వం నిలిచింది. బింగ్‌ను నేటికీ తప్పుపట్టేవాళ్ళున్నారు, డంకన్ పేరు ఎత్తేవాళ్ళు తక్కువ. ఇద్దరూ చేసిన పని ఒకటే. ఒకరి లెక్క కుదిరింది, ఒకరిది కుదరలేదు.

డంకన్ కంటే ముందే, బింగ్ నాటి తికమక లాంటివి చూసే హెచ్.వి. ఎవట్ 1936లో రాజు, ఆయన డొమినియన్ గవర్నర్ల గురించి ఒక పుస్తకం రాశాడు. ఆయన అప్పుడు ఆస్ట్రేలియా హైకోర్టు న్యాయమూర్తి, తర్వాత లేబర్ పార్టీ నాయకుడు. ఎవరూ కచ్చితంగా చెప్పలేని అధికారం ప్రమాదకరం, చట్టంగా రాసి పెట్టుకోవాలన్నది ఆయన వాదం. 1943లో కెనడా పండితుడు యూజీన్ ఫోర్సీ బింగ్ చేసిందే సబబని మరో పెద్ద పుస్తకం రాశాడు. అడిగినప్పుడల్లా రద్దు ఇస్తే ఓడిపోబోయే ప్రతి ప్రధానీ సభ మెడ మీద కత్తి పెడతాడని ఆయన భయం. ఇద్దరిలో ఫోర్సీ వాదన గట్టిది, ఎవట్ భయం నిజమైంది. ఎవట్ చేయూతతో లాయరుగా పైకొచ్చిన ఒక కుర్రాడు తర్వాత గవర్నర్ జనరల్ అయ్యాడు. ఆయనే జాన్ కెర్.

కెర్ కంటే ముందు ఆ దేశంలో తొలగింపుకు ఒక ఉదాహరణ ఉంది. 1932లో న్యూసౌత్‌వేల్స్ ప్రీమియర్ జాక్ లాంగ్ ఫెడరల్ ప్రభుత్వానికి చెల్లించాల్సిన డబ్బు కట్టవద్దని తన అధికారులకు సర్క్యులర్ పంపాడు. గవర్నర్ సర్ ఫిలిప్ గేమ్ వెంటనే వేటు వేయలేదు. ఉత్తరం రాశాడు. ఈ సర్క్యులర్ చట్టబద్ధమని చూపించు, లేకపోతే వెనక్కి తీసుకో అన్నాడు. లాంగ్ రెండూ చేయలేదు, రాజీనామా కూడా ఇవ్వనన్నాడు. మే 13న తొలగింపు. వచ్చేదేమిటో లాంగ్‌కు ముందే తెలుసు, కాగితాలు సాక్ష్యంగా ఉన్నాయి. గేమ్ చేసింది తప్పనేవాళ్ళు కూడా దొంగదెబ్బ తీశాడనలేరు.

కెర్ ఎందుకు చెప్పలేదు? 1975లో విట్లం ప్రభుత్వం మచ్చలేనిదేమీ కాదు. విదేశీ అప్పుల బాగోతంలో మంత్రి రెక్స్ కానర్ అక్టోబరు 14న రాజీనామా చేశాడు. 16న సెనేట్ బడ్జెట్‌ను ఆపింది. అంతకుముందు సెనేట్‌లో లేబర్ ఖాళీలు రెండు వస్తే, ఆ పార్టీ మనిషినే పంపే ఆనవాయితీని రెండు రాష్ట్రాలు తొక్కేశాయి. ఆ సీట్లే లేకపోతే ఫ్రేజర్ ఆట సాగేది కాదు. సరిగ్గా ఆ అక్టోబరు 16న మలేసియా ప్రధాని గౌరవార్థం జరిగిన విందులో విట్లం ఒక హాస్యం ఆడాడని కెర్ తర్వాత రాసుకున్నాడు. మీరు నన్ను ముందు తీసేస్తారో, మిమ్మల్ని తీసేయమని నేను రాణిని ముందు అడుగుతానో చూడాలి అన్న అర్థంలో. విట్లంకు అది నవ్వులాట. కెర్‌కు నిద్రపట్టని మాట. గవర్నర్ జనరల్‌ను నియమించేదీ తొలగించేదీ రాణి, ఎవరి సలహా మీద? ప్రధాని సలహా మీద. మ్యాచ్ మధ్యలో అంపైర్‌ను మార్చే హక్కు ఒక జట్టు కెప్టెన్‌కు ఇస్తే, ఆ అంపైర్ అవుట్ ఇచ్చే ముందు కెప్టెన్‌ను హెచ్చరిస్తాడా?

కెర్, రాణి ప్యాలెస్ మధ్య నడిచిన 211 ఉత్తరాలను చరిత్రకారిణి జెన్నీ హాకింగ్ ఏళ్ళ తరబడి కోర్టుల్లో పోరాడి సాధించింది. 2020 జులై 14న అవి బయటికొచ్చాక ఈ భయం నలుపు తెలుపుల్లో కనిపించింది. విట్లం అలాంటి సలహా ఇస్తే రాణి ఆలస్యం చేయడానికి చూడవచ్చు గానీ చివరకు పాటించక తప్పదని ఆమె ఆంతరంగిక కార్యదర్శి మార్టిన్ చార్టరిస్ ముందే రాశాడు. రాణికి ముందుగా తెలియకపోవడమే మంచిదని, అందుకే చెప్పకుండా చేశానని నవంబరు 11న కెర్ రాశాడు. రాణి కుట్ర పన్నిందని ఆశించి ఆ ఉత్తరాలు తిరగేసినవాళ్ళకు కుట్ర దొరకలేదు. కుట్రకంటే చికాకైన సంగతి దొరికింది. ప్రధానికి ఒక్క మాట చెప్పని మనిషి ప్యాలెస్‌కు వారం వారం కబుర్లు రాశాడు. విట్లంని ముందు హెచ్చరించమని తాను కెర్‌కు చెప్పానని, కెర్ వినలేదని అప్పటి న్యాయమూర్తి సర్ ఆంథొనీ మేసన్ 2012లో వెల్లడించాడు. డిసెంబరు 13 ఎన్నికల్లో ఫ్రేజర్ పక్షం 127లో 91 సీట్లు గెలిచింది కదా, జనం కెర్‌ను ఒప్పుకున్నట్టే కదా అంటారు. జనం విట్లం పాలనకు ఓటు వేయలేదు, అంతే. కెర్‌కు ఓటు వేసే బ్యాలట్ ఎవరూ అచ్చు వేయలేదు.

చెప్పకుండా వేటు వేసే ఈ పద్ధతే ఇంకోచోట ఎంత దూరం పోయిందో చూడాలంటే పాకిస్తాన్ వైపు తిరగాలి. గులాం మొహమ్మద్ ఒకప్పుడు హైదరాబాదులో నిజాం కొలువులో ఆర్థిక మంత్రిగా చేసినవాడు. గవర్నర్ జనరల్ అయ్యాక 1953 ఏప్రిల్ 17న ప్రధాని నాజిముద్దీన్‌ను తీసేశాడు. సభ బడ్జెట్ ఆమోదించి నెలైనా కాలేదు. నాజిముద్దీన్ మాజీ గవర్నర్ జనరల్ కావడం ఇందులో కొసరు. 1954 అక్టోబరులో ఏకంగా రాజ్యాంగ సభనే రద్దు చేశాడు. సభాధ్యక్షుడు తమీజుద్దీన్ ఖాన్ కోర్టుకెక్కి సింధ్‌లో గెలిచాడు. ఫెడరల్ కోర్టులో ఓడాడు. గవర్నర్ జనరల్ ఆమోదం లేనిదే సభ చేసిన చట్టం చట్టమే కాదని జస్టిస్ మునీర్ తీర్పు. జస్టిస్ కార్నీలియస్ ఒక్కడే కాదన్నాడు. ఉత్సవమూర్తి పల్లకీ దిగి గుడి తాళాలు తీసుకోవడమంటే అదే. ఆ దేశం ఆ దెబ్బ నుంచి తేరుకున్నదని చెప్పలేం.

మొదట చెప్పిన పసిఫిక్ బుల్లి దేశం తువాలు సంగతి దీనికి తలకిందులు. 2013లో ప్రధాని విల్లీ తెలావికి ఒక ఉప ఎన్నికతో మెజారిటీ పోయింది, పదిహేనుమంది సభలో ప్రతిపక్షం ఎనిమిదికి చేరింది. తెలావి సభను పిలవడం మానేశాడు. గవర్నర్ జనరల్ సర్ యాకోబా ఇటలేలి పిలిపించాడు. అప్పుడు తెలావి విట్లం హాస్యమాడిన పనికి నిజంగానే దిగాడు, గవర్నర్ జనరల్‌ను తీసేయమని రాణికి రాస్తానన్నాడు. ఆగస్టు 1న ఇటలేలి ఆయన్నే తీసేశాడు. కొద్ది రోజుల్లో సభ ఎనెలె సోపోఆగాను ప్రధానిగా ఎన్నుకుంది. ఇక్కడ అధికారం సభను మూయడానికి కాదు, తెరవడానికి పనికొచ్చింది. రిజర్వు అధికారాలు రద్దు చేయాలనేవాళ్ళకు నేను చూపించేది ఈ ద్వీపాన్నే.

బిల్లులకు ఆమోదం నిరాకరించడం గురించి ఎక్కువ చెప్పను, అది దాదాపు చచ్చిపోయిన అధికారం. కానీ అల్బెర్టా కథ చెప్పకుండా వదలబుద్ధి కాదు. 1937లో ఆ కెనడా రాష్ట్రపు లెఫ్టినెంట్ గవర్నర్ జాన్ బోవెన్ మూడు బిల్లులను ఆపాడు, వాటిలో పత్రికల నోరు నొక్కేది ఒకటి. ప్రీమియర్ అబర్‌హార్ట్ ఏం చేశాడు? ఆయన అధికార నివాసాన్నే మూసేశాడు. రాజ ప్రతినిధికి ఇల్లు ఇచ్చేది మంత్రులే అన్న చిన్న సత్యం రాజ్యాంగ గ్రంథాల్లో కనిపించదు.

ఇంతవరకు చెప్పినవన్నీ కాదన్నవాళ్ళ కథలు. అవునన్నవాళ్ళ కథల్లోనూ సమస్య లేకపోలేదు. 2008 డిసెంబరు 4న కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్, మూడు ప్రతిపక్షాలు కలిసి తనను దించబోతుంటే, సభను ప్రొరోగ్ చేయమని, అంటే రద్దు చేయకుండా కొంతకాలం మూసి ఉంచమని, గవర్నర్ జనరల్ మికాయెల్ జాన్ దగ్గరికి వెళ్ళాడు. రెండు గంటలకు పైగా లోపల ఉన్నాడు. చివరకు ఆమె సరే అంది, సభ జనవరి 26 దాకా మూతబడింది, ఈలోగా కూటమి చెదిరిపోయింది. అడగ్గానే ఇచ్చేది కాదు, ఆలోచించాల్సిన విషయమని తెలియడానికే ఆ సమయం అన్నట్టు ఆమె తర్వాత చెప్పింది. ఆలోచించిందేమిటో, ఏ షరతులు పెట్టిందో ప్రజలకు లిఖితంగా చెప్పలేదు. ఆమె నిర్ణయాన్ని నేను తప్పుపట్టను, మౌనాన్ని పడతాను. 2019లో బ్రిటన్‌లో అయిదు వారాల ప్రొరోగేషన్‌ను పదకొండుమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా కొట్టేసిన తర్వాత ఇలాంటి మౌనం ఇంకా కష్టం.

అంతకంటే ఇబ్బందికరమైనది 2022లో ఆస్ట్రేలియాలో బయటపడింది. మాజీ ప్రధాని స్కాట్ మారిసన్ 2020, 2021 సంవత్సరాల్లో అయిదు శాఖలకు తనను తాను మంత్రిగా నియమించుకున్నాడు. వాటిలో ఆర్థిక శాఖ ఉంది, ఆరోగ్యం ఉంది. చాలా సందర్భాల్లో ఆ శాఖల మంత్రులకే తెలియదు. గవర్నర్ జనరల్ డేవిడ్ హర్లీ సంతకాలు పెట్టాడు. సొలిసిటర్ జనరల్ పరిశీలించి, సలహా పాటించడం తప్ప హర్లీకి వేరే దారి లేదని, అయినా రహస్యం వల్ల బాధ్యతాయుత ప్రభుత్వం పునాదే దెబ్బతిన్నదని తేల్చాడు. చట్టం వరకు నిజమే. కానీ ఇవి ప్రకటించారా అని ఒక్క ప్రశ్న అడగడానికి రిజర్వు అధికారం అక్కర్లేదు. రాజుకు సంప్రదింపు, ప్రోత్సాహం, హెచ్చరిక అనే మూడు హక్కులుంటాయని 1867లోనే వాల్టర్ బేజట్ రాశాడు. కెర్ మూడోదాన్ని వాడకుండా వేటు వేశాడు. హర్లీ మూడోదాన్ని వాడకుండా సంతకం పెట్టాడు. నా కంటికి ఇద్దరిదీ ఒకటే లోపం.

మనకు ఇదంతా దూరపు ముచ్చట కాదు. 1950 జనవరి 26 వరకు రాజాజీ రాజు నియమించిన గవర్నర్ జనరలే. మూలవిరాట్టును తీసేసుకున్నాం, ఊరేగింపు పద్ధతి ఉంచుకున్నాం, మంత్రులు గవర్నరు ఇష్టం ఉన్నంతకాలమే అన్న మాట 164వ అధికరణలో ఆస్ట్రేలియా 64కి తోబుట్టువులా కూర్చుంది. 1952లో మద్రాసు శాసనసభలో 375 సీట్లలో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. ప్రకాశం పంతులుగారి నాయకత్వంలోని కూటమి 166 మంది ఉన్నారంది. గవర్నరు శ్రీప్రకాశ పిలిచింది రాజాజీని, ఆయన ఎన్నికల్లో నిలబడనే లేదు, మండలికి నామినేట్ అయి వచ్చారు. 1984 ఆగస్టు 16న ఆంధ్రప్రదేశ్ గవర్నరు రాంలాల్ ముఖ్యమంత్రి ఎన్టీఆర్‌ను తొలగించిన తీరు కెర్ పద్ధతికి నాటు రూపం. సభలో లెక్క తేల్చుకోనివ్వలేదు, అదే రోజు నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్ళి ఎమ్మెల్యేలను రాష్ట్రపతి జైల్‌సింగ్ ఎదుట నిలబెట్టారు. సెప్టెంబరు 16న తిరిగి గద్దె ఎక్కారు. తలలు లెక్కపెట్టి చూపించడానికి మనకు పైన ఒక గడప ఉంది. స్కోల్స్‌కు అదీ లేదు. తర్వాత రాణికి ఉత్తరం రాస్తే, ఈ నిర్ణయంలో ఆమెకు పాత్ర లేదని చార్టరిస్ జవాబు పంపాడు.

1975 తర్వాత ఆస్ట్రేలియా ఏం మార్చుకుంది? 1977లో సెనేట్ ఖాళీల నిబంధన మార్చుకుంది, ఖాళీ అయిన సీటు ఇప్పుడు అదే పార్టీకి వెళ్తుంది. సెనేట్ బడ్జెట్‌ను ఆపగలదు, అది మారలేదు. 64వ సెక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు. 1999 నవంబరు 6న రాణిని తీసేసి అధ్యక్షుణ్ణి పెట్టుకుంటారా అని ప్రజలను అడిగారు. ఆ నమూనాలో కెర్ భయానికి మందు ఉంటుందని వెతికినవాళ్ళకు దొరికిందేమిటంటే, ప్రధాని సంతకం పెడితే అధ్యక్షుడి పదవి ఆ క్షణమే పోతుంది. ముప్పై రోజుల్లోగా దిగువ సభ సమ్మతి అడగాలి. సభ సమ్మతించకపోయినా పోయిన అధ్యక్షుడు తిరిగి రాడు. లండన్‌కు ఉత్తరం వెళ్ళి జవాబు వచ్చే ఆ కాస్త వ్యవధి కూడా ఇందులో లేదు. నూటికి దాదాపు 55 మంది వద్దన్నారు.